ఎగ్మోర్ మ్యూజియం నటరాజుకి రాగి ఎక్కడిది? (మా అమ్మమ్మ దీపపు సెమ్మె సంగతి కూడా)

పెరంబూరు_పిల్లకాకి

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం మా బావమరిది నెల్లూరు నుంచి వస్తే ఎగ్మోర్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. పద్నాలుగేళ్ళుగా చెన్నైలో ఉంటూ నేను వెళ్ళడం కూడా అది రెండోసారే, సిగ్గుచేటు. మొదట అమరావతి శిల్పాల దగ్గర ఒక గంట అయింది (మన రాళ్ళు ఇక్కడెందుకున్నాయి అని వాడు, బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి సంగతిరా అని నేను), ఆ తర్వాత కంచు విగ్రహాల గ్యాలరీకి వెళ్ళాం. తిరువాలంగాడు నటరాజు ముందు వాడు అలా నిలబడిపోయాడు. భక్తి కాదు. వాడిది పాత ఇనుము, ఇత్తడి కొని అమ్మే వ్యాపారం, ఏ సామాను చూసినా ముందు బరువు అంచనా వేస్తాడు. "బావా, ఇంత రాగి ఎక్కడ తవ్వారు?" అన్నాడు. నేను "ఇక్కడే ఎక్కడో" అన్నాను. "ఇక్కడంటే ఎక్కడ? తంజావూరు చుట్టుపక్కల వరి తప్ప ఏముంది?" అన్నాడు. నిజమే కదా, కావేరి డెల్టా అంతా ఒండ్రు మట్టే. అక్కడున్న లేబుల్ మీద శతాబ్దం ఉంది, దొరికిన ఊరు ఉంది, లోహం ఎక్కడిదో లేదు.

ఇంటికొచ్చి వెతికితే సీసం ఐసోటోపులు కొలిచి పాత లోహం ఏ గనిదో చెప్తారని కనిపించింది. చదివాను, సగం అర్థమైంది. నాకు అంతుపట్టనిది ఏంటంటే విగ్రహం రాగిది, మరి సీసం కొలవడం ఎందుకు? ఊరు అడిగితే పేరు చెప్పినట్టుంది.

ఇక అసలు స్వార్థం. మా అమ్మమ్మ గారి కంచు దీపపు సెమ్మె ఒకటి మా ఇంట్లో ఉంది, పైన హంస ఉంటుంది, రెండడుగులు పైనే. అది మా ముత్తాత రంగూన్ రేవులో పనిచేసి 1942లో వచ్చేసేటప్పుడు తెచ్చాడని మా పెద్దమామయ్య అంటాడు. కాదు, శ్రీకాళహస్తి తిరనాళ్ళలో కొన్నదని మా అమ్మ అంటుంది. ముప్పై ఏళ్ళ గొడవ ఇది, పెళ్ళిళ్ళలో కూడా నడుస్తుంది. ఈ టెస్టుతో తేలుతుందా? ముక్క కోయాలా? ఎంత ఖర్చవుతుంది?

అడయార్_ఆనపకాయ

ఇంత కథ ఎందుకండీ, కార్బన్ డేటింగ్ చేయిస్తే వయసు తెలిసిపోతుంది కదా. 1942 కంటే పాతదో కాదో చూసుకోండి చాలు.

రాళ్ళపిచ్చి

ఆనపకాయ గారూ, కార్బన్ డేటింగ్‌కి ఒకప్పుడు ప్రాణమున్న పదార్థం కావాలి. బొగ్గు, ఎముక, కర్ర, గింజ లాంటివి. కంచులో కార్బన్ ఏముంటుంది? పోత పోసినప్పటి మట్టి లోపల ఇరుక్కుపోయి అందులో బొగ్గు ముక్క ఉంటే అదృష్టం, అది కూడా బొగ్గు వయసే తప్ప లోహం వయసు కాదు. పైగా ఎనభై ఏళ్ళా నూరేళ్ళా అని తేల్చడానికి ఆ పద్ధతి మరీ మొరటు.

పిల్లకాకి గారూ, మాది కడప జిల్లా, ఉండేది బెంగళూరు యశవంతపుర. జియాలజీ చదివి ఐదేళ్ళు ఒక ఐసోటోపు ల్యాబులో రాళ్ళను యాసిడ్‌లో కరిగించే పని చేశాను, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ (అడక్కండి). తెలిసింది చెప్తాను.

సీసంలో నాలుగు రకాల పరమాణువులు ఉంటాయి, బరువులో కొద్ది తేడా, అంతే, వీటినే ఐసోటోపులంటారు. 204, 206, 207, 208. వీటిలో 204 భూమి పుట్టినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే. మిగతా మూడింటికి జమ పడుతూ ఉంటుంది: యురేనియం-238 క్షీణించి చివరికి సీసం-206 అవుతుంది, యురేనియం-235 సీసం-207, థోరియం-232 సీసం-208. వేగాలు వేరు. 238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్ళు, 235కి 70 కోట్లు, థోరియంకి 1400 కోట్లు. అంటే ఒకే ఇంట్లో ముగ్గురు సంపాదనపరులు, ముగ్గురి జీతాలూ వేరు.

ఇప్పుడు ఉమ్మడి కుటుంబంలో వేరుపడ్డం ఊహించుకోండి. భూమి లోపల వేడి నీళ్ళు సీసాన్ని యురేనియం దగ్గర నుంచి విడదీసి ఒకచోట గెలీనా అనే సీసపు ఖనిజంగా పేర్చేస్తాయి. ఆ ఖనిజంలో యురేనియం దాదాపు ఉండదు. కాబట్టి వేరుపడిన రోజుతో జమ ఆగిపోయింది, పాస్‌బుక్కులో ఆ నాటి నిల్వ అలాగే ఉండిపోయింది. నూటడెబ్బై కోట్ల ఏళ్ళ కింద వేరుపడిన గనిలో 206కి 204కి నిష్పత్తి తక్కువ, పదహారు దరిదాపుల్లో ఉండొచ్చు. మొన్న మొన్న, అంటే కొన్ని కోట్ల ఏళ్ళ కింద వేరుపడినదాంట్లో పద్దెనిమిదిన్నర దాటుతుంది. రాజస్థాన్‌లోని జావర్, ఆగూచా సీసాలు బాగా పాతవి. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న గనులు చాలావరకు కొత్తవి. గ్రాఫు మీద పెడితే రెండూ రెండు ఊళ్ళలో ఉన్నట్టు ఉంటాయి.

దీని అందమేంటంటే కొలిమిలో ఎంత కాల్చినా ఈ నిష్పత్తి చెక్కుచెదరదు. 206కి 208కి బరువులో తేడా ఒక శాతం కూడా లేదు, నిప్పుకి అది పట్టదు. సీసం పొగై కొంత పోయినా మిగిలినదాని లెక్క అదే. రాయిలో ఏముందో సీసంలో అదే, సీసంలో ఏముందో విగ్రహంలో అదే.

మరి రాగి విగ్రహానికి సీసం ఎందుకంటే, రాగికి రెండే ఐసోటోపులు, 63, 65. వాటి నిష్పత్తి గని చిరునామా చెప్పదు, ఖనిజం పైపొరల్లో తుప్పు పట్టిన రకమా లోపలి సల్ఫైడా అన్నది ఎక్కువ చెప్తుంది. కానీ దాదాపు ప్రతి రాగి ఖనిజంలోనూ చిటికెడు సీసం మలినంగా ఉంటుంది, అది రాగితో పాటే వస్తుంది. దాన్ని పట్టుకుని రాగి ఊరు చెప్తారు. పెళ్ళికొచ్చినవాడు ఎవరి తరఫో తెలియకపోతే వాడి వెంట వచ్చిన పిల్లాణ్ణి అడిగినట్టు.

ఇక్కడే పెద్ద గుంట ఉంది. పిల్లాడు వాడితో వచ్చినవాడే అయితేనే ఈ లెక్క. కంచరి కావాలని సీసం కలిపాడనుకోండి, ఆ కలిపిన సీసం ముందు రాగిలోని చిటికెడు సీసం గొంతు వినపడదు. విగ్రహంలో కొన్ని శాతాల సీసం ఉందంటే మీరు వింటున్నది సీసం గని మాట, రాగి గని మాట కాదు. చోళుల విగ్రహాలు చాలావరకు సీసం కలిపిన కంచే. మీ బావమరిది ప్రశ్న రాగి గురించి, టెస్టు జవాబిచ్చేది సీసం గురించి.

కోయక్కర్లేదు. ఒక మిల్లీమీటరు డ్రిల్లుతో కనపడని చోట, పీఠం అడుగునో లోపలో, కొన్ని మిల్లీగ్రాముల పొడి తీస్తారు. పైన వచ్చే చిలుము పొడి పారేసి లోపలి మెరుపు లోహం తీసుకోవాలి. ఖర్చు చెప్పను, ల్యాబుని బట్టి, ఎవరు తీసుకెళ్ళారన్నదాన్ని బట్టి మారుతుంది, ఇంటి సామాను కోసం చేసేవాళ్ళు కూడా అరుదు.

కంచరి_వీధి

రాళ్ళపిచ్చి గారు బాగా చెప్పారు గానీ కొలిమి ముందు కూర్చున్నవాడి మాట కూడా వినండి. మాది తరాలుగా ఇదే పని, మా నాన్న మద్రాసు వచ్చి చాకలిపేట దగ్గర షెడ్డు పెట్టాడు, నేనూ పాతికేళ్ళు మూస పట్టాను. మా ఇంట్లో కొత్త రాగి కొనగా నేను చూసింది చాలా తక్కువ. ఎప్పుడూ పాత సామానే. చొట్టపడ్డ గంగాళం, చిల్లిపడ్డ చెంబు, మూత పోయిన మరచెంబు, విరిగిన గంట, ఎవరో చనిపోతే అమ్మేసిన పళ్ళేలు, అన్నీ ఒకే మూసలోకి. ఒక్కో చెంబు ఒక్కో ఊరిది, ఒక్కో కాలానిది. దాంట్లోంచి మీరు ఏ గని పట్టుకుంటారు సార్?

విగ్రహం పోతలో అయితే ఇంకా ఉంది. పంచలోహం అంటే రాగి, తగరం, సీసం, వెండి, బంగారం అని పేరే గానీ వెండి బంగారం శాస్త్రానికి చిటికెడు. పోత రోజు భక్తులు వచ్చి ఉంగరం, ముక్కుపుడక, వెండి మెట్టె మూసలో వేస్తారు. ఎవరి ఉంగరంలో ఏ గని సీసం ఉందో ఆ దేవుడికే తెలియాలి.

సీసం ఎందుకు కలుపుతామంటే కరిగిన లోహం పల్చగా పారుతుంది, మైనం కరిగిపోయిన అచ్చులో వేళ్ళ సందుల్లోకి, జటల్లోకి, విగ్రహం చుట్టూ ఉండే తిరువాచి మంటల్లోకి పోతుంది. తర్వాత ఉలి కూడా సులువుగా దిగుతుంది. ఎక్కువైతే అడుగున దిగిపోతుంది, కింద ఒకలా పైన ఒకలా ఉంటుంది. కాబట్టి పీఠం అడుగున డ్రిల్లు పెడితే వచ్చే సీసం శాతం నమ్మకండి.

ఇంకో మాట, రంగూన్ నుంచి 1942లో వచ్చినవాళ్ళు లక్షల మంది అడవుల్లో నడిచి వచ్చారు. దార్లో మనుషులే చచ్చిపోయారు. రెండడుగుల సెమ్మె మోసుకొచ్చాడా మీ ముత్తాత? మామయ్య గారిని నొప్పించాలని కాదు.

పెరంబూరు_పిల్లకాకి

నడిచి కాదంట, ముందే ఓడెక్కాడంట. ఫోన్ చేసి అడిగితే మామయ్యకి కోపం వచ్చింది. మీ ఫోరంవాళ్ళకి రంగూన్ గురించి ఏం తెలుసు అన్నాడు.

కంచరి వీధి గారి మాటతో నాకు అనుమానం పెద్దదైంది. అన్నీ కలిపి కరిగించేస్తే ఇక ఈ శాస్త్రమంతా దేనికి?

రాళ్ళపిచ్చి

కంచరి వీధి గారు అన్నది పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కొట్టుకున్న విషయమే. 1960ల్లో అమెరికాలో రాబర్ట్ బ్రిల్ అనే ఆయన మొదలుపెట్టాడు, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో నోయెల్ గేల్, జోఫియా స్టోస్-గేల్ గనులు తిరిగి వేల కొద్దీ కొలతలు పోగేశారు. ఏథెన్స్ గుడ్లగూబ నాణేల వెండి ఆ ఊరి దగ్గరి లావ్రియన్ గనులదని చూపించారు (వెండిని సీసం ఖనిజంలోంచే తీసేవారు, కాబట్టి వెండిలో ఆ సీసం మిగిలి ఉంటుంది). తర్వాత కంచుయుగపు రాగి దిమ్మల మీద పడ్డారు, ఎద్దు తోలు పరిచినట్టు నాలుగు మూలలతో ఉంటాయి, ఒక్కోటి పాతిక కిలోల పైమాటే. క్రీస్తుపూర్వం 1400 తర్వాతి దిమ్మలు ఎక్కడ దొరికినా, టర్కీ తీరాన మునిగిన ఉలుబురున్ ఓడలో ఉన్న దాదాపు పది టన్నులతో సహా, సైప్రస్‌లో అప్లికి అనే ఒక్క గని చుట్టుపక్కలకే చూపిస్తున్నాయన్నారు. సార్డీనియా దీవిలో సొంతంగా రాగి ఉంది. అక్కడ దొరికిన దిమ్మలు కూడా సైప్రస్ లెక్కే చూపించాయి! నెల్లూరుకి గోదావరి జిల్లా నుంచి బియ్యం తెప్పించినట్టు.

1990ల్లో మిగతావాళ్ళు ఎదురుతిరిగారు. అన్ని దిమ్మలూ ఒకే చుక్క దగ్గర గుమిగూడాయంటే అది ఒకే గని కావడం వల్లా, లేక పాత రాగి కలిపి కలిపి సగటు ఒకచోటికి చేరడం వల్లా అని. మన కంచరి వీధి గారి ప్రశ్నే, జర్నల్లో. ఆ పోట్లాటలో అందరూ ఒప్పుకున్న మాట ఒకటుంది: లెక్క కలవకపోతే "ఆ గనిది కాదు" అని గట్టిగా చెప్పొచ్చు. కలిస్తే "ఆ గనిది అయి ఉండొచ్చు" అనే చెప్పాలి, ఎందుకంటే అదే వయసు, అదే చరిత్ర ఉన్న గని ఇంకోచోట ఉండొచ్చు. కొలిచేది ఊరు కాదు, వేరుపడిన కాలం, దానికి ముందు ఆ సీసం ఎలాంటి రాళ్ళలో తిరిగిందన్నది. పేపర్లలో "ఫలానా గనిదని తేలింది" అని హెడ్డింగ్ పెడతారు చూడండి, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కలిపితే మొత్తం పోయినట్టు కూడా కాదు. రెండు గనుల సీసం కలిపితే చుక్కలన్నీ ఆ రెండింటి మధ్య గీసిన సరళరేఖ మీదే పడతాయి. ఒకే షెడ్డు నుంచి పది సామాన్లు కొలిచి అవి గీత మీద వరసగా కూర్చుంటే, చివర్లు ఎక్కడున్నాయో చూసి రెండు మూలాలు ఊహించొచ్చు. ఒక్క సామానుతో ఏమీ రాదు. పదుల్లో కావాలి.

మనవైపు అలాంటి పని జరిగింది. బెంగళూరులో నియాస్ అనే సంస్థ ఉంది, ఐఐఎస్‌సీ ఆవరణలోనే. అక్కడ ప్రొఫెసర్‌గా ఉన్న శారదా శ్రీనివాసన్ గారు వందకు పైగా దక్షిణ భారత లోహ విగ్రహాల నుంచి చిటికెడు పొడులు తీసి, సీసం ఐసోటోపులు, మలినాలు రెండూ కొలిచి 1999లో ప్రచురించారు. ఆవిడ ప్రశ్న వేరు, అదే నాకు నచ్చింది. "ఏ గనిది" అని మొదలుపెట్టకుండా, కాలం తెలిసిన విగ్రహాలు గ్రాఫులో ఎలా గుంపులు కడుతున్నాయో చూశారు. పల్లవుల కాలంవి ఒక గుంపు, చోళులవి ఒక గుంపు, అలా. ఆ తర్వాత కాలం మీద తగాదా ఉన్న విగ్రహం ఏ గుంపులోకి వెళ్తుందో చూడొచ్చు. నటరాజ రూపం లోహంలో చోళుల కంటే ముందు, పల్లవుల నాడే మొదలైందని ఆవిడ వాదించింది ఈ దారిలోనే. చోళ రాణి సెంబియన్ మహాదేవి కాలంలో మొదలైందనే మాట బాగా పాతుకుపోయింది కాబట్టి అందరూ ఒప్పుకోలేదు. అయినా విగ్రహాన్ని ముఖం చూసి కాకుండా లోహం చూసి వాదించడం, అది కదా మజా.

బావమరిది గారికి నా సమాధానం: తమిళనాడులో మామండూరు లాంటి చోట్ల కొద్దిగా ఉన్నా, చెప్పుకోదగ్గ రాగి పాత పనులు కర్ణాటకలో చిత్రదుర్గ దగ్గర ఇంగళదాళు, మన పల్నాడులో అగ్నిగుండాల, ఉత్తరాన ఖేత్రి, సింగ్‌భూమ్, మలాంజ్‌ఖండ్ వైపు ఉన్నాయి. ఓడల్లో కూడా వచ్చి ఉంటుంది. తగరం సంగతి ఇంకా స్పష్టం, బస్తర్‌లో కొంచెం తప్ప ఈ దేశంలో పెద్దగా లేదు, ప్రపంచంలోకెల్లా పెద్ద తగరం పట్టీ మలయా ద్వీపకల్పంలో ఉంది, రాజేంద్ర చోళుడు 1025లో దండెత్తిన కడారం ఆ తీరంలోదే. తగరం కోసమే వెళ్ళాడని నేననను.

సీసపు_కాసు

అగ్నిగుండాల పేరు వినగానే లాగిన్ అయ్యాను! నాది గుంటూరు, ఉద్యోగం ఇక్కడ చెన్నై గిండీ, పిచ్చి శాతవాహన నాణేలు. శాతవాహనులు ఆంధ్రలో సీసం నాణేలు కుప్పలుగా పోశారు, ప్రపంచంలో సీసాన్ని ఇంత మామూలుగా డబ్బుగా వాడినవాళ్ళు తక్కువ. వినుకొండ దగ్గరే అగ్నిగుండాల, బండ్లమొట్టు కొండ, అక్కడ సీసం గని మొన్నమొన్నటి దాకా నడిచింది. అంటే మన సీసం, మన నాణెం. కానీ పుస్తకాల్లో ఎప్పుడూ రోమన్ సీసం అనే రాస్తారు. ప్లినీ అనే పాత రోమన్ రచయిత ఏదో రాశాడని. ఇదంతా తెల్లోళ్ళ గొప్పే కదా? ఐసోటోపులు చూస్తే మనదేనని తేలిపోతుంది.

రాళ్ళపిచ్చి

కాసు గారూ, ఆవేశం తగ్గించండి, తేలకముందే తీర్పు రాసేశారు. 😀

ప్లినీ రాసింది నిజమే, భారతదేశంలో రాగీ లేదు సీసమూ లేదు, ముత్యాలు, రత్నాలు ఇచ్చి వాటిని కొనుక్కుంటారు అని. లేదన్నది తప్పు, జావర్ కొండల్లో క్రీస్తుకు ముందే మనవాళ్ళు లోతుగా తవ్విన ఆనవాళ్ళున్నాయి. కొనుక్కున్నారన్నది మాత్రం ఆయనొక్కడి మాట కాదు. మొదటి శతాబ్దపు ఎర్రసముద్ర ఓడ వ్యాపారి ఒకడు రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో భరుకచ్ఛానికి (ఇప్పటి గుజరాత్ భరూచ్), మలబారు రేవులకు దిగే సరుకుల్లో రాగి, తగరం, సీసం వరసగా ఉన్నాయి. వాడు సరుకు అమ్ముకునేవాడు, వాడికి గొప్పలు చెప్పుకునే అవసరం లేదు.

మీ ప్రశ్నకి మాత్రం ఈ పద్ధతి బాగా సరిపోతుంది, సెమ్మె కంటే వంద రెట్లు. ఎందుకంటే నాణెం మొత్తం సీసమే, రాగి గొడవ లేదు. పైగా ఇద్దరు అనుమానితులూ గ్రాఫులో దూరంగా ఉన్నారు. అగ్నిగుండాల ఖనిజం మన కడప బేసిన్ పాతరాళ్ళలోది, వంద కోట్ల ఏళ్ళు దాటినది, కాబట్టి నిష్పత్తి తక్కువ వైపు ఉండాలి. రోమన్లు ఎక్కువగా తవ్వింది స్పెయిన్, సార్డీనియాల్లో, ఆగ్నేయ స్పెయిన్ కార్టహేనా సీసం పద్దెనిమిదిన్నర దాటుతుంది. మధ్యలో పడితే కలిపి కరిగించారని. కానీ ఒక ఊళ్ళో దొరికిన నాణేలతో శాతవాహనులందరి సంగతీ చెప్పలేం. కోటిలింగాల, పెద్దబంకూరు, కొండాపూర్, అమరావతి, ఒక్కోచోటివి వేరే రావచ్చు, తొలినాళ్ళవి ఒకలా చివరివి ఒకలా ఉండొచ్చు. నాకైతే అదే చూడాలని ఉంది.

మీ నాణేలు ఎక్కడివో అడగను. భూమిలో దొరికినవి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది, గుర్తు చేస్తున్నానంతే.

సీసపు_కాసు

వేలంలో కొన్నవే సార్, బిల్లులున్నాయి. ఎక్కడ దొరికాయో మాత్రం అమ్మినవాడు చెప్పలేదు.

కంచరి_వీధి

అదే మరి. ఎక్కడ దొరికిందో తెలియని నాణేనికి గని తెలిసి ఏం లాభం? ఒక చివర ముడి వేసి రెండో చివర గాలికి వదిలేసినట్టు.

రాళ్ళపిచ్చి

👆 ఈ మాట ల్యాబులో గోడ మీద రాసిపెట్టుకోవాలి.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది. నేను పనిచేసినప్పుడు సగం టెన్షన్ సాంపుల్ గురించి కాదు, మా గాలి గురించే. సీసం ప్రతిచోటా ఉంటుంది, చెమటలో, దుమ్ములో, గోడ రంగులో. క్లెయిర్ ప్యాటర్సన్ అనే ఆయన ఉల్కలో సీసం కొలిచి 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని చెప్పాడు కదా, ఆయనకి ముందు ఏళ్ళ తరబడి లెక్క కుదరక, చివరికి తన ల్యాబులోకే బయటి సీసం వస్తోందని కనిపెట్టాడు. అక్కడి నుంచే పెట్రోల్‌లో కలిపే సీసం మీద ఆయన పోరాటం. మన దేశంలో సీసం పెట్రోల్ ఆగింది 2000లో. అంటే మౌంట్ రోడ్డు పక్క షోకేసులో నలభై ఏళ్ళున్న కంచు సామాను పైపొరలో కార్ల, స్కూటర్ల పొగలోని సీసం కూడా ఉండొచ్చు. అందుకే పైపొడి పారేయమన్నది. పొడిని కరిగించి, రెజిన్ కాలమ్‌లో పోసి సీసం ఒక్కటే వేరుచేసి, అప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్ (ఐసోటోపుల్ని బరువుని బట్టి విడదీసి లెక్కపెట్టే యంత్రం) లోకి. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్రాడు గ్లవుజులు మార్చుకోకుండా తలుపు పిడి ముట్టుకుని వచ్చి నా వారం పని మొత్తం పాడు చేశాడు, ఇప్పటికీ మర్చిపోలేను.

పిల్లకాకి గారూ, మీ సెమ్మె లోపల ఎప్పుడైనా కళాయి పూయించారా, ఎక్కడైనా మాటు వేయించారా? మాటులో సీసం ఉండొచ్చు. అమ్మని అడగండి.

పెరంబూరు_పిల్లకాకి

అడిగాను. కొంప మునిగింది.

అమ్మ మామూలుగా వంకాయలు తరుగుతూ చెప్పింది, ఆ హంస అసలుది కాదంట. అమ్మ చిన్నప్పుడు, సుమారు 1965లో, సెమ్మె పడి హంస మెడ విరిగితే, ఊళ్ళోకి వచ్చిన కంచరికి ఆ ముక్కా, ఇంట్లో పాడైన రెండు చెంబులూ ఇచ్చి కొత్త హంస పోయించారంట. కాండం కూడా మధ్యలో ఒక చోట మాటు వేశారంట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే "మీరెవరూ అడగలేదు" అంది. ముప్పై ఏళ్ళ గొడవలో ఇద్దరూ హంసని చూపించే వాదించారు, రంగూన్ హంస అని ఒకరు, కాళహస్తి హంస అని ఒకరు. పగోడాల మీద హంస ఉంటుందని మామయ్య పాయింటు.

మామయ్యకి చెప్తే ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అయితే పీఠం టెస్ట్ చేయించు, పీఠం అసలుదే కదా" అన్నాడు. పీఠంలో బర్మా సీసం వస్తే నేను గెలిచినట్టేనా అంటున్నాడు. గెలిచినట్టేనా?

రాళ్ళపిచ్చి

పాపం మామయ్య. గెలిచినట్టు కాదండీ.

బర్మాలో షాన్ కొండల్లో బాడ్విన్ అని ఒక పెద్ద సీసం, వెండి గని ఉంది. మొదట వందల ఏళ్ళు చైనావాళ్ళు వెండి కోసం తవ్వారు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆంగ్లేయ కంపెనీ దిగింది, రెండో ప్రపంచయుద్ధం ముందు ప్రపంచంలోని పెద్ద సీసం గనుల్లో అదొకటి. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలోదే. ఆ సీసం రంగూన్ రేవులో ఓడెక్కి బయటికి వచ్చేది. కాళహస్తి కంచరి మద్రాసు బజార్లో కొన్న సీసం దిమ్మ బాడ్విన్‌ది కావచ్చు. అంటే సెమ్మె కాళహస్తిది, సీసం బర్మాది. తిరగేస్తే రంగూన్‌లో మన కంచరులూ ఉన్నారు, వాళ్ళు మన వైపు పాత చెంబులు కరిగించి పోసి ఉంటే సెమ్మె రంగూన్‌ది, లోహం నెల్లూరుది. లోహం పుట్టిన ఊరు వేరు, వస్తువు పుట్టిన ఊరు వేరు, కొన్న ఊరు వేరు. టెస్టు చెప్పేది మొదటిది ఒక్కటే, అది కూడా సీసం వరకే.

కంచరి_వీధి

సెమ్మెది రెండు ఫోటోలు పెట్టండి, పీఠం అడుగు ఒకటి, కాండం మీద మరలు ఒకటి. మరలు ఎలా తిప్పారో, అడుగున తరిమెన (లేతు) గీతలు ఎలా ఉన్నాయో చూస్తే చేతి వాటం చెప్పగలను. కాళహస్తి వైపు పనివాళ్ళు పీఠం అంచు లోపలికి మడుస్తారు, మా నాన్న చూపించాడు. బర్మా పని నేను ఒకటి రెండే చూశాను, అందుకని అటువైపు నా మాట ఖాయం అనుకోకండి. దీనికి డ్రిల్లు అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

అడయార్_ఆనపకాయ

ఫోటో పెట్టేముందు శుభ్రంగా తోమకండి, చిలుము ఉంటేనే పాతదని తెలుస్తుంది.

పెరంబూరు_పిల్లకాకి

ఆలస్యమైంది ఆనపకాయ గారూ. ఫోటోకి బాగుంటుందని అమ్మ పొద్దున్నే చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమేసింది. బంగారంలా ఉంది. ఐసోటోపులకి ఏమన్నా అవుతుందా?

రాళ్ళపిచ్చి

వాటికేమీ కాదు. ఫోటోలు పెట్టండి.